కొండదారిలో ఏటీవీ మొరాయిస్తే: లోపం వెతికే వరుస, బాగు చేసుకునే పద్ధతి

సాలూరు నుంచి ఘాటు ఎక్కి సుంకి, పొట్టంగి మీదుగా సెమిలిగూడ చేరేసరికి నేల రంగు మారిపోతుంది. ఆ ఎర్రమట్టి వేసవిలో పిండిలా ఎగురుతుంది, వానాకాలంలో చక్రానికి పట్టి వదలని జిగురు బురద అవుతుంది. ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో తోటల పనికీ, పర్యాటకుల సవారీలకూ వాడే ఏటీవీలు (ఎగుడుదిగుడు నేల మీద నడిచే లావు టైర్ల నాలుగు చక్రాల బండ్లు) ఏడాది పొడుగునా ఆ మట్టిలోనే చాకిరీ చేయాలి. కంపెనీ సర్వీసు కేంద్రం మాత్రం దగ్గరలో ఉండదు. ఊళ్లో ఉన్న మెకానిక్కుకు మోటారు సైకిళ్లు కొట్టిన పిండే అయినా, ఏటీవీ కనిపించగానే ఇంజను విప్పడానికి సిద్ధపడతాడు.

ఆ తొందరే బండ్లను ఎక్కువగా పాడు చేస్తోందని నా నమ్మకం. బండి ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇంజను లోపల ఉండదు. గాలి ఫిల్టరులోనో, పాతబడిన పెట్రోలులోనో, తుప్పు పట్టిన తీగ కొసలోనో, తడిసిన బెల్టులోనో ఉంటుంది. ఇవన్నీ బయటి నుంచే చూడవచ్చు. ఇంజను ఒకసారి విప్పితే కొత్త గాస్కెట్లు కావాలి, అవి విజయనగరం నుంచో విశాఖపట్నం నుంచో రావాలి, అవి వచ్చేదాకా పని ఆగిపోతుంది. అందుకని ఖర్చు లేకుండా చూడగలిగినవి ముందు, ఇంజను అన్నిటికంటే చివర. కింద చెప్పేదంతా ఈ వరుసలోనే ఉంటుంది.

ముందుగా మీ బండి ఏ రకమో తెలుసుకోండి

మన ప్రాంతంలో కనిపించేవి ప్రధానంగా రెండు రకాలు. మొదటిది 110, 125 సీసీ చిన్న బండి. గాలితో చల్లబడే ఇంజను, కార్బరేటరు, వెనుక ఇరుసును తిప్పే చైను దీనికి ఉంటాయి. ఇంజను నిర్మాణం మనకు తెలిసిన 100 సీసీ మోటారు సైకిలుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ప్లగ్గు, కార్బరేటరు వంటివి వెతికితే ఇక్కడే దొరకవచ్చు. రెండోది 300 సీసీ, అంతకు మించిన పెద్ద బండి. అందులో రేడియేటరు, ఫ్యూయల్ ఇంజెక్షన్, గేర్ల వరుసకు బదులు రబ్బరు బెల్టుతో నడిచే సీవీటీ (లో, హై అనే గేర్లు మాత్రం ఉంటాయి), చాలావాటిలో నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఇరుసులు ఉంటాయి. ఒకదానికి చెప్పిన చికిత్స రెండోదానికి కొన్నిచోట్ల వర్తించదు. ఎక్కడ తేడా ఉందో అక్కడ చెబుతాను. ఏ కొలతలోనైనా మీ బండి పుస్తకం చెప్పినదే చివరి మాట.

పని మొదలుపెట్టే ముందు బండిని చదునైన చోట నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి ఎప్పుడూ దూరవద్దు. దిట్టమైన స్టాండు గానీ మొద్దు గానీ పెట్టాకే పని చేయండి. పెట్రోలుతో పని ఉన్నప్పుడు దగ్గరలో బీడీ, పొయ్యి, దీపం ఉండకూడదు. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. ఆ పొగ ప్రాణం తీస్తుంది.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. 8, 10, 12, 14 సైజు టీ పానాలు, ప్లగ్గు పానా, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజీ, ఒక మల్టీమీటరు చాలు. వీటికి తోడు తక్కువ గాలి కొలిచే టైరు గేజీ తప్పనిసరి. ఏటీవీ టైర్లలో గాలి సాధారణంగా 3 నుంచి 7 పీఎస్‌ఐ మధ్యే ఉంటుంది. లారీ టైర్లకు వాడే గేజీ ఆ అంకెల దగ్గర నమ్మదగినది కాదు.

బండి అసలు స్టార్ట్ కాకపోతే

మొదట స్విచ్చులు. ఇది చిన్న విషయమని దాటేయకండి. ఏటీవీకి మోటారు సైకిలు కంటే ఎక్కువ భద్రతా స్విచ్చులు ఉంటాయి. హ్యాండిలు మీది ఎర్ర కిల్ స్విచ్, బ్రేకు పట్టుకుంటేనే సెల్ఫ్ పని చేసేలా ఉండే స్విచ్, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసే స్విచ్, పిల్లల బండ్లలో వెనుక తాడు లాగితే ఇంజను ఆగే స్విచ్. వీటిలో ఏ ఒక్కదానిలో మట్టి చేరినా బండి కదలదు. బ్రేకును గట్టిగా పట్టి, గేరును రెండుసార్లు అటూ ఇటూ మార్చి న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించండి. కిల్ స్విచ్‌ను పదిసార్లు అటూ ఇటూ నొక్కితేనే పట్టిన బండ్లు ఉన్నాయి. అలా పట్టిందంటే ఆ స్విచ్చు లోపల శుభ్రం చేయాలని అర్థం.

రెండోది బ్యాటరీ. సెల్ఫ్ నొక్కినప్పుడు వచ్చే శబ్దం సగం సంగతి చెబుతుంది. ఏ శబ్దమూ లేకపోతే ఫ్యూజు, స్విచ్చులు చూడాలి. టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయింది. ఒక్కసారి టక్‌మని ఆగిపోతే టెర్మినల్ వదులై ఉండవచ్చు, లేదా సెల్ఫ్ మోటారు పట్టేసి ఉండవచ్చు. మల్టీమీటరు పెట్టి చూడండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక మంచి బ్యాటరీ 12.6 వోల్టులకు పైన చూపిస్తుంది. 12.4 కంటే తగ్గితే ఛార్జి పెట్టాలి. సెల్ఫ్ నొక్కుతుండగా 9.5 కంటే కిందికి పడిపోతే ఆ బ్యాటరీ ఛార్జి చేసినా ఎంతోకాలం నిలవదు. ఇంజను నడుస్తున్నప్పుడు, కాస్త రేజు చేస్తే, 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే ఛార్జింగ్ వైపు లోపం ఉంది. బ్యాటరీ మార్చి లాభం లేదు.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో కోరాపుట్ చలికి బలహీనమైన బ్యాటరీలు చేతులెత్తేస్తాయి. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటే వేడినీళ్లు, వంటసోడాతో కడిగి, ఆరాక బిగించి, పైన పలుచగా వాజలీను రాయండి. నెగెటివ్ తీగ రెండో కొస ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దాన్ని చూడటం చాలామంది మరిచిపోతారు. బురదలో తిరిగే బండికి తుప్పు పట్టేది ముందుగా అక్కడే.

మూడోది పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువగా చేరితే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, కార్బరేటరుకు ముందుగా అందేది ఆ మిశ్రమమే. వానాకాలమంతా షెడ్డులో నిలిపిన బండి స్టార్ట్ కాకపోతే ముందుగా దీన్నే అనుమానించాలి. కార్బరేటరు గిన్నె కింద చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది; దాన్ని వదులు చేసి గాజు సీసాలోకి కొంచెం పెట్రోలు పట్టండి. అడుగున వేరే పొర కనిపించినా, పాత వార్నిషు వాసన వచ్చినా ట్యాంకు ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోయండి. అసలు పెట్రోలే రాకపోతే కాక్ (పెట్రోలును తెరిచి మూసే కుళాయి), గొట్టంలోని చిన్న ఫిల్టరు, ట్యాంకు మూత చూడండి.

ట్యాంకు మూత గురించి ఒక మాట. దానికి గాలి వెళ్లే సన్నని రంధ్రం ఉంటుంది. అది బురదతో మూసుకుపోతే లోపల గాలి పలచబడి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. అలాంటి బండి చక్కగా స్టార్ట్ అయి, కొద్దిసేపు నడిచి ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. కార్బరేటరు పదేపదే విప్పినా లోపం దొరకదు. ఆగిన వెంటనే మూత తీసి చూడండి. బుస్సున గాలి లోపలికి పోయి, బండి వెంటనే అందుకుంటే దొంగ దొరికినట్టే. సన్నని తీగతో రంధ్రం శుభ్రం చేస్తే సరిపోతుంది. షెడ్డులో ఎక్కువ రోజులు ఉన్న బండికైతే ఇలాంటి గొట్టాల్లో కందిరీగలు మట్టి గూళ్లు కడతాయి, ఎలుకలు తీగలు కొరుకుతాయి. వాటినీ చూడాలి.

ఇంజెక్షన్ బండి అయితే తాళం తిప్పగానే ట్యాంకులోంచి రెండు మూడు సెకండ్లు సన్నగా జుయ్‌మనే శబ్దం రావాలి. అది పెట్రోలు పంపు. శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు కనెక్టరు వరుసగా చూడండి.

నాలుగోది నిప్పురవ్వ. ప్లగ్గు చుట్టూ మట్టిని గాలితో గానీ బ్రష్షుతో గానీ తీసేశాకే విప్పండి. లేకపోతే ఆ మట్టి నేరుగా సిలిండరులో పడుతుంది. తీసిన ప్లగ్గు రంగు చూడండి. లేత ఇటుక రంగు ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉంది. పొడిగా నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా గాలి తక్కువవుతోంది. తెల్లగా కాలినట్టుంటే పెట్రోలు తక్కువై ఇంజను వేడెక్కుతోంది. నూనె జిడ్డుతో ఉంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి. పెట్రోలుతో తడిసి ఉంటే సిలిండరులో పెట్రోలు ఎక్కువై నిలిచింది. ఛోక్ తీసేసి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి పట్టి కొన్ని సెకండ్లు సెల్ఫ్ తిప్పితే ఆరుతుంది.

రవ్వ చూడటానికి ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని లోహపు మరను ఇంజను లోహానికి గట్టిగా ఆనించి సెల్ఫ్ తిప్పండి. రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకోండి. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా ఉంచండి, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. నీలంగా, గట్టిగా రవ్వ వస్తే ఈ వైపు లోపం లేదు. ప్లగ్గును ఎక్కడా ఆనించకుండా గాలిలో వదిలి తిప్పితే సీడీఐ యూనిట్టు (రవ్వను సరైన సమయానికి పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలిపోయే ప్రమాదం ఉంది. రవ్వ రాకపోతే ముందు కొత్త ప్లగ్గు, తరువాత క్యాపు, ఆపైన కాయిలు, సీడీఐ కనెక్టర్లు. చిన్న బండ్ల ప్లగ్గు సందు సాధారణంగా 0.6 నుంచి 0.7 మి.మీ. తిరిగి బిగించేటప్పుడు ఆగేదాకా వేళ్లతోనే తిప్పి, ఆ తరువాత పానాతో కొత్త ప్లగ్గుకు సుమారు అర చుట్టు, పాతదానికి అంతకంటే తక్కువ. అల్యూమినియం మర చెడితే హెడ్డే విప్పాల్సి వస్తుంది.

ఈ నాలుగూ సరిగా ఉన్నాకే కంప్రెషన్ (సిలిండరులో పిస్టను గాలిని నొక్కే బలం) వైపు వెళ్లండి. ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజీ పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి సెల్ఫ్ తిప్పండి. అంకె పుస్తకంలో చెప్పినదానికంటే బాగా తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలో ఒక టీ చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో. అప్పుడు కూడా వెంటనే హెడ్ విప్పవద్దు. వాల్వులను నొక్కే టాపెట్లు బిగిసిపోయి వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారాక, పిస్టను కంప్రెషన్‌లో పైకి వచ్చిన స్థితిలో ఫీలర్ గేజీతో సందు చూడండి. చిన్న ఇంజన్లకు ఇది చాలావరకు 0.05 నుంచి 0.10 మి.మీ మధ్య ఉంటుంది. ఆ సర్దుబాటుతో చక్కబడే ఇంజనుకు కొత్త పిస్టను వేయించిన యజమానులను చూస్తే బాధేస్తుంది. పెద్ద ఇంజన్లలో తేలికగా తిరగడం కోసం కంప్రెషన్‌ను కొంత వదిలే ఏర్పాటు ఉంటుంది కాబట్టి వాటిలో అంకె తక్కువ రావడం మామూలే.

స్టార్ట్ అవుతుంది గానీ ఎత్తు ఎక్కదు

ఇక్కడ మన కొండల సంగతి కొంత వివరంగా చెప్పాలి. కోరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన దేవమాలి శిఖరం 1672 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకు గాలి సాంద్రత సుమారు పదో వంతు తగ్గుతుంది. కార్బరేటరుకు ఆ సంగతి తెలియదు. తీరంలో పోసినంత పెట్రోలే ఇక్కడా పోస్తుంది. దాంతో మిశ్రమంలో పెట్రోలు ఎక్కువై నల్లపొగ, మసి పట్టిన ప్లగ్గు, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచినప్పుడు గొంతు పట్టినట్టు ఆగి ఆగి లాగడం కనిపిస్తాయి. విశాఖలో చక్కగా నడిచిన బండిని సెమిలిగూడ తెచ్చాక పాడైందని అనుకోవడం ఈ కారణం వల్లే.

కానీ జెట్టు (కార్బరేటరులో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రమున్న ముక్క) మార్చే ముందు గాలి ఫిల్టరు చూడండి. మసి పట్టిన ప్లగ్గుకు మన నేలలో మొదటి కారణం ఎత్తు కంటే ఎర్రదుమ్మే. స్పంజి ఫిల్టరును తీసి ముందు కిరోసిన్‌తో, తరువాత సబ్బునీళ్లతో కడగండి. మెలిపెట్టి పిండకుండా అరచేతుల మధ్య నొక్కండి. నీడలో పూర్తిగా ఆరాక ఫిల్టరు ఆయిలు పట్టించి, ఎక్కువైనది నొక్కి తీసేయండి. ఆయిలు లేని స్పంజి సన్నని దుమ్మును ఆపలేదు. పెట్రోలుతో కడగవద్దు, అంటించిన జిగురు ఊడుతుంది, నిప్పు ప్రమాదం కూడా. ఫిల్టరు డబ్బా అంచున చుట్టూ గ్రీజు పలుచగా రాస్తే దుమ్ము పక్కదారిన దూరదు. దుమ్ము కాలంలో సవారీలకు తిప్పే బండికి వారానికి ఒకసారైనా ఇది చేయాలి. లోపలికి చేరిన ఎర్రదుమ్ము రింగులను, సిలిండరును అరగదీస్తుంది, ఆ నష్టాన్ని ఏ సర్దుబాటూ పూడ్చలేదు.

ఫిల్టరు శుభ్రంగా ఉన్నా నల్లపొగ తగ్గకపోతే అప్పుడు కార్బరేటరు. మెయిన్ జెట్టును ఒక సైజు చిన్నది వేస్తే ఈ ఎత్తుకు సాధారణంగా సరిపోతుంది. నిలకడ వేగం (ఐడిలింగ్) కోసం ఉండే స్క్రూను తిప్పే ముందు దాని స్థానం గమనించండి. ఫిల్టరు వైపు ఉంటే అది గాలి స్క్రూ; బయటికి తిప్పితే పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజను వైపు ఉంటే పెట్రోలు స్క్రూ. లోపలికి తిప్పితే తగ్గుతుంది. రెంటికీ దిశ తారుమారు కాబట్టి ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. తిప్పే ముందు పూర్తిగా లోపలికి మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి. దారి తప్పితే తిరిగి రావడానికి ఆ అంకె ఉంటుంది. జెట్టు రంధ్రాలను సూదితో పొడవవద్దు, పెద్దవైపోతాయి. కరెంటు తీగలోని ఒక్క రాగిపోగు సరిపోతుంది.

బండిని మళ్లీ సాలూరు వైపు మైదానానికి దించితే పాత జెట్టు వేయడం మరిచిపోకండి. చిన్న జెట్టుతో కింద నడిపితే పెట్రోలు చాలక ఇంజను కాలుతుంది. ఇంజెక్షన్ బండ్లు గాలి పీడనాన్ని సెన్సారుతో తెలుసుకుని తమంతట తామే సర్దుకుంటాయి. ఎంత సర్దినా గాలి తగ్గిన మేరకు బలం తగ్గక తప్పదు, దేవమాలి ఎత్తులో అది సుమారు ఏడో వంతు ఉంటుంది. దాన్ని లోపమనుకుని వెతకవద్దు.

ఇంకో రెండు చోట్లు. కార్బరేటరుకూ ఇంజనుకూ మధ్య ఉండే రబ్బరు మెడ పగిలితే అడ్డదారిన గాలి దూరి నిలకడ వేగం ఎగుడుదిగుడు అవుతుంది. వేళ్లతో వంచి చూస్తే పగులు కనిపిస్తుంది. సైలెన్సరు చివర నిప్పురవ్వలను ఆపే జల్లెడ ఉన్న బండ్లలో అది మసితో మూసుకుపోతే పై వేగం రాదు. చల్లారాక తీసి ఇనుప బ్రష్షుతో రుద్దాలి. ఆ జల్లెడను పూర్తిగా తీసేసే అలవాటు కొందరికి ఉంది. ఎండుటాకులు నిండిన అడవి అంచున అది చేయకూడని పని.

వాగు దాటుతుండగా నీరు లోపలికి పోతే

ఇంజను నీళ్లలో ఆగిందంటే మళ్లీ సెల్ఫ్ నొక్కవద్దు. ఈ ఒక్క నిగ్రహం ఇంజనును కాపాడుతుంది. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేం కాబట్టి, సిలిండరులో నీరుండగా పిస్టను పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

బండిని తోసుకుంటూ గట్టు మీదికి తీసుకురండి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, గాలి ఫిల్టరు డబ్బా తెరిచి నీళ్లు వంపండి, ఫిల్టరు బయట పెట్టండి. ప్లగ్గు విప్పండి. ఇప్పుడు ఆయిలు మట్టం చూసే కర్ర తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీరు కలిసింది. ఆ ఆయిలుతో ఇంజను నడపకూడదు, మార్చాలి. ఆయిలు బాగుంటే బ్యాటరీ తగిలించి, క్యాపును ఇంజను లోహానికి ఆనించిన పాత ప్లగ్గుకు తొడిగి, కొన్ని సెకండ్లు సెల్ఫ్ తిప్పండి. ప్లగ్గు రంధ్రం నుంచి నీరు చిమ్ముతుంది, దానికి ఎదురుగా ముఖం పెట్టవద్దు. నీరు రావడం ఆగాక రంధ్రంలో కొంచెం ఇంజను ఆయిలు వేసి మరోసారి తిప్పండి. కార్బరేటరు గిన్నె ఖాళీ చేసి, ఆరిన ప్లగ్గు బిగించి స్టార్ట్ చేయండి.

నీళ్లు కలిసిన ఆయిలును ఒకసారి మార్చితే చాలదు. కొత్త ఆయిలుతో కొద్ది నిమిషాలు నడిపి, రంగు చూసి, మళ్లీ మార్చండి; తెల్లదనం పోయేదాకా ఇదే పని. చక్రాల ఇరుసు మునిగేంత లోతులో నడిపిన పెద్ద బండికి ముందు, వెనుక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేరు పెట్టె) ఆయిలు కూడా చూడాలి. వేడిగా ఉన్న గేరు పెట్టె చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, గాలి ఆడే బ్రీదరు గొట్టం గుండానో సీలు గుండానో నీటిని లాగుతుంది.

పెద్ద బండ్లలో బెల్టు

ఇంజను మోత పెరుగుతుంది, బండి మాత్రం కదలదు, కాలిన రబ్బరు వాసన వస్తుంది. ఇది బెల్టు జారడం. వెంటనే ఆపండి, అదే ఊపులో గుట్ట ఎక్కించాలని చూస్తే బెల్టు అక్కడే తెగుతుంది.

నీళ్లు చేరి జారుతుంటే సీవీటీ పెట్టె అడుగున ఉన్న డ్రెయిన్ మూత తీసి నీరు వదలండి. మూత తిరిగి పెట్టి, న్యూట్రల్‌లో కాసేపు మోస్తరు వేగంతో ఇంజను నడిపితే లోపలి గాలికి బెల్టు ఆరుతుంది. ఆరినా జారుతుంటే పెట్టె విప్పాలి. మూత స్క్రూలు పొడవులో తేడాగా ఉంటాయి. ఒక అట్టముక్క మీద మూత ఆకారం గీసి, తీసిన స్క్రూను తీసిన చోటే గుచ్చండి. బెల్టు మీది బాణం గుర్తు ఏ వైపు చూస్తోందో ఫోనుతో ఫొటో తీసుకోండి. బెల్టు పక్కలు అద్దంలా మెరిసినా, అడుగు పళ్ల మధ్య పగుళ్లున్నా, ఒకచోట సన్నబడినా, దారాలు లేచినా మార్చాల్సిందే. బాగానే ఉందనిపిస్తే వెర్నియరుతో వెడల్పు కొలిచి పుస్తకంలోని కనీస కొలతతో పోల్చండి.

పుల్లీ ముఖాలను బ్రేకు క్లీనరుతో, శుభ్రమైన గుడ్డతో తుడవండి. వాటి మీద గ్రీజు గానీ ఆయిలు గానీ ఒక్క చుక్క పడకూడదు. తెగిన బెల్టును మారుస్తుంటే దాని పోగులు ఇరుసు సీలు చుట్టూ చుట్టుకుని ఉంటాయి, ఓపికగా అన్నీ తీయండి; మిగిలిన పోగు సీలును కోసేస్తుంది. కొత్త బెల్టు వేశాక మొదటి 30 నుంచి 50 కిలోమీటర్లు బరువు లాగించకుండా, వేగం మారుస్తూ నడపండి.

బెల్టులు త్వరగా పోవడానికి అసలు కారణం ఎక్కువగా నడిపే తీరులోనే ఉంటుంది. ఏటవాలు ఎక్కేటప్పుడు, బస్తాలు లాగేటప్పుడు, బురదలో మెల్లగా కదిలేటప్పుడు లో గేరు వేయాలి. హై గేరులో నెమ్మదిగా లాగితే బెల్టు పట్టు దొరక్క పుల్లీ మీద రుద్దుకుని కాలుతుంది. సవారీ బండ్లు అద్దెకిచ్చేవారు పర్యాటకులకు హెల్మెట్టుతో పాటు ఈ సంగతీ చెప్పి పంపాలి.

చిన్న బండ్ల చైనుకు ఇంత కథ లేదు. మధ్యలో పైకీ కిందికీ 25 మి.మీ మేర ఆడితే చాలు, చక్రం తిప్పుతూ అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట కొలవాలి. స్ప్రాకెట్టు పళ్లు కొక్కెంలా వంగితే చైనూ రెండు స్ప్రాకెట్లూ ఒకేసారి మార్చండి.

ఇంజను వేడెక్కితే

రేడియేటరు ముందు భాగం బురదతో పూత పూసినట్టుంటే వేరే కారణం వెతకనక్కర్లేదు. ఇంజను చల్లారాక, ఇంజను వైపు నుంచి బయటికి, మామూలు గొట్టం నీళ్లతో కడగండి. ప్రెషరు వాషరు దగ్గరగా పెడితే సన్నని రెక్కలు వంగి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. అదే వాషరు బేరింగుల మీద, కనెక్టర్ల మీద పెడితే సీళ్లు దాటి నీరు పోతుంది. వేడి మీద రేడియేటరు మూత తీయవద్దు, మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. కూలెంటులో కలపడానికి డిస్టిల్డ్ నీరే వాడండి. బోరు నీళ్లతో లోపల గార కడుతుంది. ఫ్యాను తిరగకపోతే ముందు ఫ్యూజు, తరువాత రిలే, ఆ తరువాతే మోటారు.

ఆయిలు విషయంలో, క్లచ్చు ఆయిలులోనే మునిగి ఉండే బండ్లకు డబ్బా మీద జాసో ఎంఏ అని గుర్తున్న మోటారు సైకిలు ఆయిలే పోయాలి. కారు ఆయిలులో జారుడు పెంచే మందులు కలిసి ఉండవచ్చు, వాటితో క్లచ్చు జారుతుంది.

బ్రేకు, స్టీరింగు, చక్రాలు

ఇంజను లోపం మిమ్మల్ని దారిలో నిలబెడుతుంది, ఈ భాగంలోని లోపం మనిషిని పడేస్తుంది. అందుకే బండి బాగానే ఉందనిపించినా ఇవి నెలకోసారైనా చూడాలి.

ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకలాడితే చక్రం బేరింగో, బాల్ జాయింటో. ఇటూ అటూ పక్కల పట్టుకుని ఊపినప్పుడే ఆడితే టై రాడ్ కొస. చక్రం తిప్పుతూ స్ప్రింగు మీద చెయ్యి ఆనించండి. గరగర అదురు చేతికి తెలిస్తే బేరింగులో బురద చేరింది. నాలుగు చక్రాలూ లాగే బండ్లలో ఇరుసు కొసల రబ్బరు తొడుగులు చినిగాయేమో చూడండి. చినిగిన తొడుగును వెంటనే గుర్తిస్తే కడిగి, కొత్త గ్రీజు నింపి, తొడుగు మార్చితే చాలు. మలుపు తిరిగేటప్పుడు టిక్ టిక్‌మనే దాకా ఆగితే జాయింటే మార్చాలి. హబ్బు నట్టుకు ఉండే కాటర్ పిన్ను తీసిన ప్రతిసారీ కొత్తది వేయండి. వంచి మళ్లీ వంచిన పిన్ను విరుగుతుంది, దాని వెనుకే చక్రం ఊడుతుంది.

బండి ఒకవైపు లాగుతుంటే స్టీరింగు సర్దే ముందు నాలుగు టైర్ల గాలి కొలవండి. ఇంత తక్కువ గాలిలో ఒక్క పీఎస్‌ఐ తేడా కూడా చేతికి తెలుస్తుంది.

బ్రేకు లీవరు స్పంజిలా మెత్తగా ఉంటే గొట్టంలో గాలి చేరింది. కాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) మీది బ్లీడరుకు, అంటే గాలి వదిలే స్క్రూకు, సన్నని గొట్టం తొడిగి, దాని రెండో కొసను కొంత బ్రేకు ఆయిలున్న సీసాలో ముంచండి. ఒకరు లీవరును మెల్లగా రెండు మూడుసార్లు నొక్కి పట్టుకోవాలి, రెండోవారు బ్లీడరు వదులు చేసి, బుడగలు రాగానే బిగించాలి, ఆ తరువాతే లీవరు వదలాలి. బుడగలు ఆగేదాకా ఇలాగే. పై గిన్నెలో ఆయిలు అడుగంటకుండా చూస్తూ ఉండండి, లేకపోతే మొదటికి వస్తుంది. గిన్నె మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఏది రాసి ఉంటే అదే పోయాలి. అది పెయింటును తినేస్తుంది కాబట్టి ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి. ప్యాడ్లు పలుచబడితే బ్లీడింగుతో ఆగకుండా మార్చేయండి. ఎర్రమట్టిలో అవి రోడ్డు బండి ప్యాడ్ల కంటే చాలా త్వరగా అరుగుతాయి.

ఏ మరమ్మతు తరువాతైనా హెల్మెట్టు పెట్టుకుని, చదును నేల మీద లో గేరులో బ్రేకులు పరీక్షించాకే గుట్ట వైపు తిప్పండి. కొద్దిసేపు నడిపి వచ్చి చక్రాల నట్లు మరోసారి బిగువు చూడండి. చాలా ఏటీవీ మోడళ్లకు రిజిస్ట్రేషన్ ఉండదు. పరీక్ష కోసమైనా జాతీయ రహదారి ఎక్కించవద్దు.

విడిభాగాలు తెప్పించేటప్పుడు

బండి పేరు చెప్పి భాగం అడిగితే దుకాణాల్లో చాలాసార్లు లేదనే జవాబు వస్తుంది. కానీ బేరింగు మీద, సీలు మీద ఉన్న అంకెలు చెప్పి అడిగితే జయపురం, విజయనగరం వంటి పట్టణాల్లోని బేరింగు దుకాణాల్లోనే దొరకవచ్చు. ఉదాహరణకు 6204 అని ఉంటే లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 47, మందం 14 మి.మీ. ఏ బండికైనా అదే కొలత. అంకె పక్కన 2ఆర్‌ఎస్ అని ఉన్నది అడగండి, దానికి రెండు వైపులా రబ్బరు సీళ్లుంటాయి. జెడ్‌జెడ్ అని ఉన్నదానికి రేకు మూతలే, అవి బురదను ఆపలేవు. ఆయిలు సీలు మీద వరుసగా మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. బెల్టుకు మాత్రం దాని మీది నంబరుతో పాటు బండి ఛాసిస్ నంబరు కూడా పంపండి. ఒకే మోడలులో తయారీ సంవత్సరాన్ని బట్టి బెల్టు మారవచ్చు. వానలు మొదలయ్యే జూన్ కంటే ముందే ఒక బెల్టు, రెండు ప్లగ్గులు, ఒక జత చక్రం బేరింగులు, బ్రేకు ప్యాడ్లు తెప్పించి షెడ్డులో ఉంచుకోండి. బెల్టును మడతపెట్టకుండా, ఎండ తగలని చోట చదునుగా పరచి ఉంచాలి.